గంగారాం గట్టిముడి

సముద్రం చూడటానికి ఖతార్ వెళ్తున్నానంటే మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒక్కరూ నమ్మలేదు. కాకినాడలో పుట్టి, కాకినాడలో పెరిగి, కిటికీ తీస్తే ఉప్పుగాలి కొట్టే ఇంట్లో ఉంటున్నదాన్ని, విమానం ఎక్కి మరీ సముద్రం చూడటమేమిటని నవ్వారు. కెమిస్ట్రీ మేడమైతే "బంగారం కొనుక్కోడానికి వెళ్తూ సముద్రం మీద పెడుతున్నావా?" అని మొహాన్నే అనేసింది. అనుకోనీండి. నా కారణం నాకుంది.

ముప్పయ్యేళ్ళుగా జువాలజీ పాఠం చెబుతున్నాను. పగడాలకు మరీ వేడీ పడదు, మరీ చలీ పడదు అని ఏటేటా చెప్పిందే చెబుతాను. ఆ గల్ఫ్ సముద్రం మాత్రం వేసవిలో స్నానానికి కాచిన నీళ్ళలా ఉంటుంది, చలికాలంలో చెయ్యి పెడితే ఝల్లుమంటుంది. ఒకే నీళ్ళు ఏడాదిలో రెండు సముద్రాలవుతాయన్నమాట. వెచ్చటి నీళ్ళ జీవాలూ, చల్లదనం కోసం కాచుకునేవీ ఒకే దీవి చుట్టూ వంతులేసుకుని బతుకుతాయి. ఇదంతా చదివి పిల్లలకు అప్పజెప్పడమే గానీ కళ్ళారా చూడలేదు. మా తమ్ముడు సుధాకర్ పదేళ్ళుగా దోహాలోనే ఉన్నాడు. ఇంకేం కావాలి?

వెళ్ళాను, చూశాను. కానీ నోరు ఊరుకోక అక్కడో పని కూడా చేసి వచ్చాను. అసలు చెప్పవలసింది దాని గురించే.

అల్ హిలాల్

తమ్ముడి ఫ్లాటు అల్ హిలాల్‌లో. వాడు ఒక కంపెనీలో కాగితాల పని చూస్తాడు, మరదలు జ్యోతిది భీమవరం. నేను వచ్చానని జ్యోతి హమూర్ చేపతో పులుసు పెట్టింది. హమూర్ అంటే అక్కడి వాళ్ళకు ప్రాణం, మన దగ్గర బొంత అంటామే, ఆ జాతి. ముక్క గట్టిగా, తెల్లగా ఉంది. రుచి ఫరవాలేదు. "మన గోదావరి చేప ముందు ఇదెంత" అన్నాను. జ్యోతి గరిటె పక్కన పెట్టి, "వదినా, దీని ధర తెలిస్తే ఆ మాట అనరు" అంది. తెలుసుకున్నాను. తర్వాత ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాను.

ప్రతి రియాల్‌నూ రూపాయల్లోకి మార్చుకునే జబ్బు నాకు దిగగానే పట్టుకుంది. కరక్ చాయ్ రెండు రియాళ్ళు అనగానే దగ్గర దగ్గర యాభై రూపాయలు అని లెక్కేసి, గుక్క మింగుడు పడక కూర్చునేదాన్ని. యాలకులు దంచి, పాలు చిక్కగా మరిగించి ఇస్తారు, బాగుంటుంది. మూడో రోజుకు లెక్క మానేసి తాగడం నేర్చుకున్నాను.

సుధాకర్ నన్ను మాల్స్ తిప్పాలని సెలవు పెట్టాడు. ఒక మాల్ చూశాను, చాలు. "నాకు పడవలుండే చోటు చూపించరా" అన్నాను. "అక్కా, అక్కడేముంటుంది, కంపు తప్ప" అన్నాడు. కాకినాడలో పుట్టి ఆ మాటన్నందుకు నాలుగు తిట్టాను. మర్నాడు తనే మెట్రో కార్డు తెచ్చిచ్చాడు.

అల్ వక్రా

వక్రా దాకా మెట్రో ఉంది. పెట్టె ఖాళీగా కనబడితే ఎక్కి, మెత్తటి కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. రెండు స్టేషన్లు దాటాక యూనిఫాం వేసుకున్న కుర్రాడొచ్చి, ఇది గోల్డ్ క్లాసు మేడమ్ అని ఎంతో మర్యాదగా లేపాడు. పక్క పెట్టెలోకి తలొంచుకుని నడిచాను. మా తమ్ముడు నవ్వాపుకోలేక తలుపు వైపు తిరిగి నుంచున్నాడు.

రేవులో నాకు మొదట కొట్టొచ్చినట్టు కనిపించింది, ఒక్క ఆడమనిషీ లేకపోవడం. మన కాకినాడ రేవులో బేరమూ, గొడవా, నవ్వూ అన్నీ ఆడవాళ్ళవే. ఇక్కడ అందరూ మగవాళ్ళు, అందరూ పరాయి దేశాల వాళ్ళు. వాళ్ళ మధ్య నేను నేత చీర కట్టుకుని నడుస్తుంటే పడవల మీద పని ఆగిపోయింది.

గట్టు మీద ఇనుప తీగెతో అల్లిన పెద్ద పెద్ద బుట్టలు గుట్టలుగా పడున్నాయి. మనిషి నడుమెత్తు ఉంటాయి ఒక్కోటి. కోళ్ళను మూసే గంపను పదింతలు పెంచినట్టు ఉంటుంది. గర్గూర్లంటారు. ఎర పెట్టి సముద్రం అడుగున దించితే చేప గొట్టంలాంటి దారిలోంచి లోపలికి వెళ్తుంది, తిరిగి రాలేదు. తాడుకు పైన నీళ్ళ మీద తేలే బుడుపు కట్టి వదిలేసి, కొన్నాళ్ళకొచ్చి లాగుతారు.

రేకు నీడన ఒకాయన కూర్చుని కొత్తది అల్లుతున్నాడు. నలభై దాటి ఉంటాయి. వేళ్ళు తీగె మీద ఆడుతుంటే కళ్ళు ఎటో చూస్తున్నాయి, అంత అలవాటు. దగ్గరికెళ్ళి వంగి చూశాను. కొంగు తీగెకు పట్టుకుంది. లాగాను, పర్రుమని చిరిగింది.

"అగో! మేడమ్ గూడ పడ్డది గర్గూర్ల!" అని నవ్వాడు ఆయన, అచ్చ తెలుగులో.

అలా పరిచయమయ్యాడు గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె. మేదరి పని వాళ్ళ ఇంటి విద్య. వచ్చింది బిల్డింగుల పనికి, ఆ సైట్ అయిపోయాక ఇక్కడ కుదిరాడు.

"మా ఊర్ల అందరు నేను దుబాయ్‌ల ఉన్న అంటరు మేడమ్. ఖతర్ అంటె ఎవ్వలకు ఎర్కలేదు. చిన్నప్పటి సంది కోళ్ళ గంపలు, చాటలు అల్లినోన్ని, నాకు గిదెంత! ఎదురుబద్ద కాడ తీగె, గంతే. ముడి జారితె మా నాయిన నెత్తి మీద ఒక్కటి ఏస్తుండె."

ఏడేళ్ళుగా సముద్రం ఒడ్డునే పని చేస్తున్నాడు, ఒక్కసారీ పడవ ఎక్కలేదట. సముద్రం చేప నోట పెట్టడు, వాసనట. "మా దిక్కు చెరువుల రవ్వలు, బొచ్చెలు తిన్న నోరు మేడమ్" అన్నాడు. ఆ మాటకు సుధాకర్ నావైపు చూసి కళ్ళెగరేశాడు.

బుట్ట పక్కన చిన్న కిటికీలాంటిది ఉంది. ఇదేమిటి అని అడిగాను. అదే నేను చేసిన పని.

"గదా? ఏమో మేడమ్. నఖూదా దీన్ని నూలుతాడుతోని కట్టుమంటడు" అన్నాడు. నఖూదా అంటే పడవ నడిపే పెద్ద. "ఇనుప తీగెతోని ఇంత మంచిగ అల్లి, ఆఖర్ల నూలుతాడా? ఇజ్జత్ పోదా? తీగె పొదుపు జేస్తున్నడేమో అనుకున్న. మిగిలిన ముక్కలతోని ఈ ఏడు నేనే గట్టిగ కట్టిన. గుంజుండ్రి, వస్తదేమో సూడుండ్రి!"

గుంజాను. రాలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

నేను టీచర్ని కదా, తెలిసింది చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. "అది పొదుపు కాదయ్యా. గాలివానకు బుడుపు తెగిపోతే బుట్ట అడుగునే ఉండిపోతుంది, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. చేపలు దూరుతూనే ఉంటాయి. చచ్చిన చేప ఎరై ఇంకోదాన్ని పిలుస్తుంది. దానికి అంతుండదు. అందుకని నూలు. ఉప్పునీళ్ళలో కొన్నాళ్ళకు కుళ్ళి తెగుతుంది, కిటికీ ఊడుతుంది, లోపలివి బతికిపోతాయి" అని ఉత్సాహంగా చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చేతులు కూడా తిప్పాను.

గంగారాం చేతిలో పటకారు ఆగిపోయింది.

"మరి తీగె కుళ్ళదా మేడమ్?"

"ఏళ్ళు పడుతుంది."

తలొంచుకుని తీగె ముక్కలు ఏరుకోసాగాడు. మేం వస్తామన్నా తలెత్తలేదు. ఏదో అనరాని మాట అన్నానని తెలిసింది గానీ ఏమిటో తెలియలేదు.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్

మర్నాడు సాయంత్రం సుధాకర్ ఫోనుకు గంగారాం నుంచి పిలుపు. ముందురోజు తెలుగువాడని సుధాకర్ నంబరిచ్చాడులెండి. "మేడమ్‌తోని మాట్లాడాలె సార్" అన్నాడట. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో వాళ్ళ ఊరివాళ్ళ గది ఉంది, ఆ కింద చాయ్ కొట్టులో కలిశాం. పాత దోహా అది. దర్జీలు, ఫోన్లు బాగుచేసే కొట్లు, మన మొహాల్లాంటి మొహాలు. అక్కడ నడుస్తుంటే నాకు మా కాకినాడ మెయిన్‌రోడ్డులో ఉన్నట్టే అనిపించింది.

గంగారాం చేతిలో నూలుతాడు ఉండ ఉంది. అప్పుడే కొన్నట్టున్నాడు. కూర్చోగానే చెప్పేశాడు.

"రెండు నెల్ల కిందటి ఉత్తరగాలికి నాలుగు గర్గూర్లు పోయినయి మేడమ్. నాలుగూ నేను తీగెతోని కట్టినయే. రాత్రంత నిద్ర లేదు. గవి ఇంక పడుతనే ఉన్నయి కదా? నేను ఈడ చాయ్ తాగుతున్న, ఆడ పడుతనే ఉన్నయి."

చేపలను కోసి, విడదీసి, సీసాల్లో పెట్టి చూపించినదాన్ని నేను. ఈయన చేప తినడు కూడా. అయినా ఆ క్షణంలో సముద్రం ఆయనకు అర్థమైనట్టు నాకు ముప్పయ్యేళ్ళలో కాలేదు. సిగ్గేసింది.

"నఖూదాకు చెప్పాలె. కోపం వస్తే పనిలకెళ్ళి తీసేస్తడు. గయినా చెప్పాలె. నా హిందీ అంతంతే. చేపల సంగతి మీరు చెప్పుండ్రి, తప్పు నేను చేసిన అని నేను చెప్త."

సుధాకర్ మెల్లగా అన్నాడు: "ఎందుకు గంగారాం? పోయిన బుట్టలు పోయాయి. కిటికీ నువ్వు దేంతో కట్టావో ఎవరికి తెలుసు?"

"నాకు ఎర్కే గద సార్."

నిజం చెబుతాను. సుధాకర్ అన్నమాటే నా నాలిక చివరా ఉంది. ఊరు కాని ఊళ్ళో మనిషి పని పోతే ఏం గతి? నా పాఠం వల్ల కదా ఇదంతా? కానీ ఆయన మొహం చూశాక ఆ మాట మింగేసి, వస్తానన్నాను.

మళ్ళీ వక్రా

నఖూదా అంథోనీ కన్యాకుమారి మనిషి. నెరిసిన మీసం, బండ గొంతు. గంగారాం చేతులు కట్టుకుని మొత్తం చెప్పాడు. అంథోనీ ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి అంతెత్తున లేచాడు.

"ధాగా బోలా మై! ధాగా! తార్ కాయ్‌కో డాలా?"

గట్టు మీద ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. నూలు వెయ్యమంటే తీగె ఎందుకు వేశావని మూడు భాషల్లో తిట్టాడు. గంగారాం తలొంచుకుని విన్నాడు. తిట్టడం అయ్యాక, "మజ్బూత్ రహనా సోచా భాయ్" అన్నాడు. గట్టిగా ఉండాలనుకున్నానని. అంతే.

అంథోనీ దగ్గరున్న గర్గూరును తిప్పి, కిటికీ ముడిని బొటనవేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత నావైపు తిరిగి తమిళమూ హిందీ కలిపి, "ఇంత మంచి ముడి ఈ రేవులో ఎవడూ వెయ్యలేడమ్మా, అదే ఖర్మ" అన్నాడు.

పోయిన చోటు ఒక దీవి పక్కన, ఆయన పడవ యంత్రంలో గుర్తుంది. "యల్లా, ఎల్లుండి వెతుకుదాం. వీడూ రావాలి" అన్నాడు. నేనూ వస్తానన్నాను. పడవ యజమాని ఒప్పుకోలూ, తీరం కాపలావాళ్ళ కాగితాలూ సుధాకర్ తిప్పలు పడి తెచ్చాడు. వాడికి ఆ పుణ్యం ఊరికే పోదు.

దీవి చుట్టూ

తెల్లారి బయల్దేరాం. అంథోనీ, ఇద్దరు పడవవాళ్ళు, నేను, గంగారాం. ఒడ్డు కనబడుతుండగానే గంగారాం పడవ అంచుకు వేలాడి వాంతులు మొదలుపెట్టాడు. నా సంచిలో ఉప్పు వేసిన నిమ్మకాయ ముక్కలుంటే ఇచ్చాను. "గీ సముద్రం నాకు వద్దక్కా" అన్నాడు. ఆ వాంతుల మధ్య మేడమ్ పోయి అక్క వచ్చేసింది.

దీవి అంటే కొబ్బరి చెట్లూ అవీ ఊహించుకోకండి. చదునైన రాతినేల, అంతే. దాని మీద వేల నీటికాకులు. ముక్కు మూసుకోవలసిన కంపు. కానీ చుట్టూ నీళ్ళు చూడాలి! గాజులా ఉన్నాయి. వంగి చెయ్యి పెడితే మణికట్టు దాకా జివ్వుమంది. ఆగస్టులో ఇక్కడే చెయ్యి పెట్టలేమన్నాడు అంథోనీ. అడుగున పగడాలు కనిపించాయి. కొన్ని తెల్లబడి చచ్చిపోయాయి, కొన్ని తేనెరంగులో బతికున్నాయి. అంత వేడీ అంత చలీ ఓర్చుకుని బతికినవి. వాటి మధ్య నీలం ఒంటి మీద పసుపు పట్టీ ఉన్న చేపలు తిరుగుతున్నాయి. నేను పడవలో మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకో అడక్కండి.

పడవవాళ్ళు కొక్కేల తాడు దించి అడుగును గీస్తూ మెల్లగా తిప్పారు. గంటన్నరకు మొదటి గర్గూరు తగిలింది. అది పైకొస్తుంటే గంగారాం వాంతులు మర్చిపోయి నిలబడ్డాడు. లోపల ముళ్ళూ, తలలూ, సగం తిన్న చేపలూ. వాటి మధ్య పెద్ద హమూర్ ఒకటి, తల పెద్దదై ఒళ్ళు పీక్కుపోయి, ఇంకా దవడలాడిస్తూ ఉంది. మిగిలినవాటిని తింటూ బతికినట్టుంది. గంగారాం దాన్నే చూశాడు.

"ఇడువుండ్రి దాన్ని" అన్నాడు తెలుగులోనే. ఎవరూ అనువాదం అడగలేదు. అంథోనీ రెండు చేతులతో ఎత్తి నీళ్ళలో వదిలాడు. అది కాసేపు పక్కకు ఒరిగి ఉండి, ఒక్కసారి తోక విదిల్చి కిందికి పోయింది.

రెండోది రాళ్ళకు నలిగి అప్పడమైపోయి వచ్చింది, అందులో ఏమీ లేవు. మధ్యాహ్నం పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద చేప పెట్టుకుని అందరం ఒకే పళ్ళెంలో తిన్నాం. గంగారాం మాత్రం తన స్టీలు డబ్బాలో పచ్చిపులుసు తెచ్చుకున్నాడు. అంథోనీ వేలు ముంచి నాకి, "బాగుందిరా" అని సగం కలుపుకున్నాడు. రెండు రోజుల కిందట తిట్టిన తిట్లన్నీ ఆ పులుసులో కలిసిపోయాయి.

మూడోది నీళ్ళ పైకి వస్తుండగా నేను పెద్దగా అరిచాను. "ఆపండి! ఆపండి!"

గర్గూరు లోపలంతా తీగెకు తెల్లటి గుత్తులు వేలాడుతున్నాయి, ద్రాక్షగుత్తుల్లా. కటిల్‌ఫిష్ గుడ్లు. దాని వీపు పెంకునే మన పచారీ కొట్లలో సముద్రపు నురుగని అమ్ముతారు. నీళ్ళు చల్లబడ్డ నెలల్లోనే అది ఒడ్డుకు దగ్గరగా వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్లు అంటించడానికి దానికి కావలసిన చోటును గంగారాం గంప ఇచ్చింది. ఒక గుత్తి దగ్గరికి మొహం పెట్టి చూశాను. పొర వెనక చుక్కల్లాంటి కళ్ళు, కదులుతున్నాయి.

"పైకి తీస్తే ఎండకు పోతాయి. కిందికి వదిలితే ఇది మళ్ళీ చేపల్ని పడుతుంది" అన్నాను.

గంగారాం పటకారు తీసుకున్నాడు. పడవ పక్కన నీళ్ళలో సగం మునిగి ఉన్న గర్గూరు మీదికి వంగాడు, ఒకాయన నడుం పట్టుకున్నాడు. కిటికీ ముడిని కత్తిరించాడు. ఒక్కసారికి తెగలేదు. తనే వేసిన ముడి కదా. మూడుసార్లు బిగించి తెంపాడు. కిటికీ తీసేశాడు. అక్కడితో ఆగలేదు. గుడ్లు లేని వైపు తీగెలన్నీ ఒక్కొక్కటే కొరికి, మనిషి తల పట్టేంత కంత చేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గంప కట్టడమే తప్ప చెడగొట్టడం ఎరగని చేతులు. నెత్తురు కారుతున్నా ఆపలేదు.

"ఇగ దించుండ్రి" అన్నాడు.

అంథోనీ దానికి కొత్త బుడుపు కట్టాడు. గుడ్లు చిట్లి పిల్లలు ఈదుకుంటూ వెళ్ళిపోయాక వచ్చి తీసుకెళ్తానన్నాడు. గర్గూరు నీలంలోకి మెల్లగా దిగిపోయింది.

నాలుగోది దొరకలేదు. పొద్దు వాలేదాకా గీశాం. కొక్కేలకు రాయీ, పాత వలా తగిలాయి. "ఖలాస్, చమురు లేదు" అన్నాడు అంథోనీ. ఒడ్డుకొచ్చేదాకా గంగారాం వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పని పోలేదు. అందుకు సంతోషించాలి, నేను సంతోషించాను. ఆయన సంతోషించినట్టు లేదు.

కాకినాడ

ఇంటికొచ్చి క్లాసులో ఆ గుడ్ల గురించి చెప్పాను, ఆ నీలం చేపల గురించి చెప్పాను. కెమిస్ట్రీ మేడమ్ బంగారమేదీ అని అడిగింది. చిరిగిన కొంగు చూపించాను.

గంగారాం రేకు నీడ కింద బకెట్లో ఉప్పునీళ్ళు పోసి, రెండు తీగె ముక్కల్ని దాంట్లో వేశాడట. ఒకదాన్ని నూలుతో, ఒకదాన్ని తీగెతో ముడివేసి. ఎందుకని అడిగితే "సూద్దామని" అన్నాడు. రోజూ డ్యూటీ అయ్యాక చూసేవాడట. మొన్న వాట్సాప్‌లో గొంతు పంపాడు. దాన్ని ఎన్నిసార్లు విన్నానో.

"అక్కా, నూలు తెగింది. పట్టుకోంగనె పోయింది, మీరు చెప్పినట్టే. మూడో గర్గూరు కాడికి అంథోనీ పోయిండు, గుడ్లన్ని పగిలి ఖాళీ అయినయట. మంచిగైంది. తీగె ముడి మాత్రం ఇంక గట్లనే ఉన్నదక్కా, కొత్త దాని లెక్క మెరుస్తున్నది. నాలుగోది ఇంక దొర్కలే. సుక్రారం మల్ల పోతున్నం. నాకు వాంతులైతయి, ఎర్కే. గయినా పోత."